ఆయ్ అన్నంత మాత్రాన

మొన్న ఉదయం మా వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి వంకాయలు ఏరుకుంటున్నాను. బండి అబ్బాయి తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. గుమ్మడికాయ తీపిదట, వాళ్ళ సొంత తోటలోదట, పులుసు పెడితే వీధంతా వాసన వస్తుందట. నేను వంకాయల్లో పుచ్చులు చూసుకుంటూ "ఆయ్" అన్నాను. "ఇంట్లో పెట్టేదా అక్కా?" అన్నాడు. దానికీ "ఆయ్" అన్నాను. తలెత్తి చూసేసరికి పసిపిల్లవాడంత గుమ్మడికాయ మా వరండాలో కుర్చీ పక్కన కూర్చుని ఉంది. అనంతపురం జిల్లాకు కాపరానికొచ్చి ఇన్నేళ్ళయినా నా నాలుక మీంచి ఆ ముక్క పోలేదు. పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, గుమ్మడికాయ వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "పాపం, ఆ పిల్లోడిదీ నా కేసే" అన్నారు. ఆ మాటతో ఆ పూట నాకు వంట మీద ధ్యాస పోయింది. పొయ్యి మీద పులుసు తెర్లుతుంటే నా కళ్ళ ముందు మాత్రం కాలవ గట్టూ, మంచూ, మా నాన్నగారూ.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మా కోనసీమలో ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు మధ్యమధ్యలో "ఆయ్" అనకపోతే మర్యాద తెలియని మనిషి కింద లెక్క. మీరు చెప్పేది చెవిన పడుతోందండీ, కానివ్వండి అని దాని అర్థం. ఔననడానికీ అదే అంటాం. చెప్పేది నిజం కాదని తెలిసినా, ఎదుటివాళ్ళ మనసు కష్టపెట్టడం ఎందుకులే అని అదే అంటాం. మా నాన్నగారు ఇందులో అందెవేసిన చెయ్యి. ఆయన ఆయ్‌లలో పొడుగుదీ, పొట్టిదీ, గొంతులోనే ఆగిపోయేదీ, ముక్కులోంచి వచ్చేదీ అని రకాలుండేవి. కొబ్బరికాయల వ్యాపారి "ఈ ఏడు కాయ చిన్నదైపోయిందండి" అంటే ఒకరకం. పక్క చేను ఆసామి గట్టు తగాదా ఎత్తితే ఇంకోరకం. అమ్మ "నా మాట వింటున్నారా?" అన్నప్పుడు వచ్చేది మరీ ప్రత్యేకం, అది రాగానే ఆయన వినడం లేదని అమ్మకు తెలిసిపోయేది. ఇంటికొచ్చినవాళ్ళ ముఖం మీద "కాదు" అనడం ఆయన పుట్టి ఎరగరు. కాదనాల్సిన మాటను నీళ్ళలో వేసిన కొబ్బరిపీచులాగా నాననిచ్చేవారు. నానగా నానగా దానంతట అదే విడిపోతుందని ఆయన నమ్మకం. చాలాసార్లు విడిపోయేది కూడా.

మా ఇల్లు గన్నవరం అక్విడక్టుకి అవతలివైపు. అక్విడక్టు అంటే మరేం లేదు, కింద గోదావరి పాయ పోతుంటే దాని నెత్తి మీదుగా కాలవ పోయే కట్టడం. నీళ్ళ మీద నీళ్ళు. దాని మీద నడిచి గన్నవరం సెంటరుకొచ్చి నేను అమలాపురం బస్సెక్కేదాన్ని. చలికాలం పొద్దున్నే మంచులో కింది నీళ్ళూ కనబడేవి కావు, పై నీళ్ళూ కనబడేవి కావు. నేనే నడుస్తున్నానో, నిలబడ్డ నన్ను దాటుకుంటూ లోకమే నడిచిపోతోందో తెలిసేది కాదు. ఎక్కడో పడవవాడి దగ్గు, ఎవరింట్లోనో దిబ్బరొట్టె కాలుతున్న వాసన, కొబ్బరాకుల మీంచి చెంప మీద పడే చల్లటి బొట్టు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టకపోతే ఆ దారినే నడుస్తాను, సగం దూరం పోయేలోగా పట్టేస్తుంది. అవి తొంభైల నడిమి రోజులు. అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పెళ్ళి మాటలు ఇంట్లో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి.

ఆ ఏడు బళ్ళు తెరిచాక మా స్కూలుకి కొత్త లెక్కల మాస్టారొచ్చారు. ఊరు అనంతపురం పక్కన. సన్నగా, నల్లగా, ఎప్పుడూ దాహమేస్తున్నట్టు ఉండేవారు. ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూసి మొదట్లో ఆయనకు నిద్ర పట్టలేదట. నా ఎనిమిదో తరగతికీ ఆయన పదో తరగతికీ మధ్య గోడ లేదు, తాటాకు తడిక ఉండేది. అప్పటి పదో తరగతి లెక్కల పుస్తకంలో ప్రవచనాలని ఒక పాఠం. లెక్కల్లో అంకెలు లేని పాఠం అదొక్కటే. పి ఒక మాట, క్యూ ఒక మాట. "పి అయితే క్యూ" అని ఒక వాక్యం. ఏది నిజమైతే ఏది నిజమవుతుందో గళ్ళ పట్టిక గీసి తేల్చడం. ఒక వాదం చెల్లుతుందో చెల్లదో తెలియాలంటే, ఆధారాలన్నీ నిజమై ముగింపు మాత్రం అబద్ధమయ్యే దారి ఏదైనా ఉందా అని వెతకాలి. ఒక్క దారి దొరికినా ఆ వాదం చెల్లదు. ఆయన ఆ "అయితే" అన్న మాట దగ్గర కాసేపు ఆగేవారు. ఇటుపక్క నేను పిల్లల చేత పద్యం అప్పచెప్పించుకుంటూ ఆ "అయితే" దగ్గర ఆయనతో పాటే ఆగిపోయేదాన్ని. అయితే? అయితే ఏమవుతుంది? పిల్లలు పద్యంలో పాదం మింగేసినా నాకు తెలిసేది కాదు. ఆయన మీద మనసు పడ్డానని అప్పటికి నాకే తెలియదు. ఆ పాఠం అయిపోతే బాగుండదని మాత్రం తెలిసింది.

ఒకరోజు బోర్డు మీద రాసి ఆయనే గట్టిగా చదివారు. "వరదొస్తే పంటు ఆగిపోతుంది. ఈరోజు పంటు ఆగిపోయింది. కాబట్టి వరదొచ్చింది. ఈ వాదం చెల్లుతుందా?" పంటంటే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పెద్ద బల్లకట్టు. తరగతంతా "ఆయ్" అంది. వెనక బెంచీలోంచి ఒక పిల్ల మాత్రం లేచి, "పంటు నడిపే సరంగుగారు ఆళ్ళ అత్తారింటికెల్లినా ఆగిపోద్దండి. మొన్న మా రేవులో అలాగే ఆగిపోయిందండి" అంది. మాస్టారు సంతోషం పట్టలేక సుద్దముక్క జారవిడిచారు. తడిక ఇవతలికి దాని చప్పుడు వినిపించింది. "ఆ ఒక్క సరంగు చాలు తల్లీ, ఈ వాదం చెల్లదనేదానికి" అన్నారు. వరదొస్తే పంటు ఆగుతుంది గానీ పంటు ఆగిన ప్రతిరోజూ వరదొచ్చినట్టు కాదు. వాక్యాన్ని ఇలా తిరగేసి చదవడాన్ని విపర్యయం అనేవారు. దాన్ని నమ్మి మోసపోవద్దని ఆయన పదేపదే చెప్పేవారు. "అర్థమైందా?" అని అడిగితే తరగతంతా ఒకే గొంతుతో "ఆయ్" అనేది. ఆయన తృప్తిగా బోర్డు తుడుచుకునేవారు.

క్వార్టర్లీ పరీక్షల్లో ఆ పిల్ల తప్ప ఆ పాఠంలో గట్టెక్కినవాళ్ళు లేరు. స్టాఫ్‌రూములో మాస్టారు పేపర్ల కట్ట ముందేసుకుని ఇల్లు కాలినవాడిలా కూర్చున్నారు. "అందరూ అర్థమైందన్నారు మేడం" అన్నారు. "ఏమన్నారండి?" అన్నాను. "ఆయ్ అన్నారు." నాకు నవ్వాగలేదు. "మాస్టారూ, ఆయ్ అంటే అర్థమైందని కాదండి. మీరేదో చెబుతున్నారని తెలుస్తోందని. అంతేనండి." ఆయన పేపర్ల కట్ట పక్కకు నెట్టి, "మరి అర్థమైతే ఏమంటారు?" అన్నారు. "దానిక్కూడా ఆయ్ అనే అంటారండి" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాకు లెక్కల తర్కం చెప్పడం, నేను ఆయనకు కోనసీమ తర్కం చెప్పడం అలవాటైపోయింది. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, రేకుల మీద చినుకుల మోతలో, "మీ నాయనతో మాట్లాడేదా?" అని అడిగారు. ఏ విషయమని నేను అడగలేదు. "ఆయ్" అన్నాను. "ఇది విన్నాననే ఆయ్యా, సరేననే ఆయ్యా?" అన్నారు. "రెండూనండి" అని గొడుగు మర్చిపోయి వానలోనే బస్టాండుకు నడిచాను.

చిక్కు ఒకటుందని కూడా ఆయనకు చెప్పాను. కులగోత్రాల వాకబు అమ్మ ఎప్పుడో చేసేసింది, అక్కడ అడ్డు లేదు. అడ్డు గోదావరి. మా నాన్నగారు గోదావరి దాటించి ఆడపిల్లనివ్వరు. మా పెద్దత్తను, అంటే నాన్నగారి అక్కగారిని, వెనకెప్పుడో అవతలి ఒడ్డుకిచ్చారు. ఆవిడే నాన్నగారిని ఎత్తుకుని పెంచింది. ఒక వరదలో ఆవిడకి జబ్బు చేసిందని కబురొచ్చింది. పడవలు ఆగిపోయాయి. నాన్నగారు రేవులో నిలబడ్డారు. ఎవరెంత పిలిచినా ఇంటికి రాలేదట, అక్కడే తిని అక్కడే పడుకున్నారట. వరద తీసి పడవ కదిలి ఆయన అవతలికి చేరేసరికి ఆవిడ లేదు. ఈ సంగతి నాకు అమ్మ చెప్పింది. నాన్నగారు దాని గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇంట్లో ఆడపిల్లల సంబంధాల మాటొస్తే మాత్రం, "ఇవతలే చూడండి" అనేవారు, అంతే.

దసరా సెలవుల ముందు ఆదివారం నేనూ అమ్మా ఐనవిల్లి వినాయకుడి గుడికి వెళ్ళాం. సరిగ్గా ఆ రోజే మాస్టారు మా ఇంటికొచ్చారు. ఏం జరిగిందో తర్వాత ఆయన నోటే విన్నాను. నాన్నగారు కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారట. మా ఊరు ఫలానా అన్నారట ఈయన. ఆయ్. వేరుశనగ చేనుంది, అమ్మ ఉంది. ఆయ్. మీ అమ్మాయంటే నాకిష్టం, చేసుకుందామని. ఆయ్. సెలవుల్లో అమ్మకు చెప్పి పిలుచుకొస్తాను. ఆయ్. వెళ్ళేటప్పుడు నాన్నగారు దగ్గరుండి సంచీ నిండా కొబ్బరికాయలు వేయించి, వీధి చివరిదాకా వచ్చి సాగనంపారట. సోమవారం స్కూలు గేటు దగ్గరే, "మీ నాయన ఒప్పుకున్నారు" అన్నారు మాస్టారు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకూ బుర్ర పనిచెయ్యలేదు. నాన్నగారు ఇంట్లో ఆ ఊసే ఎత్తకపోతే, ఆయన పద్ధతే అంత కదా అనుకున్నాను. ఇద్దరికీ ఇద్దరం చదువుకున్నవాళ్ళం.

సెలవుల చివర ఒక పొద్దున్న మాస్టారు వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని మా గుమ్మంలో దిగారు. రాత్రంతా బస్సు, మళ్ళీ బస్సు. ఆవిడ చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో పసుపూ, కుంకుమా, ఎర్రంచు చీరా. నాన్నగారు ఆ పళ్ళెం చూశారు. ఆయన ముఖంలో రంగు మారడం తలుపు పక్క నుంచి నాకు కనబడింది. నాన్నగారు ఆయ్ అన్నది వినడానికేనని అప్పుడు తెలిసింది నాకు. ఈ పళ్ళెం వచ్చిన దారినే వెనక్కి పోతే ఇక ఆ మనిషి ఈ గుమ్మం తొక్కడు, స్కూల్లోనూ ఉండడు. అయినా మా ఇంట్లో ఏ ఉపద్రవమొచ్చినా ముందు భోజనాలే. "కాళ్ళు కడుక్కోండమ్మా, ఎప్పుడనగా బయల్దేరేరో ఏంటో" అన్నారు నాన్నగారు. అమ్మ పనసపొట్టు కూర వడ్డించింది, కందాబచ్చలి వడ్డించింది. అసలు మాట ఎవరూ ఎత్తకుండా అందరూ కూర బాగుందన్నారు.

భోజనాలయ్యాక పెరట్లో మంచాలేశారు. మధ్యాహ్నపు గాలికి కొబ్బరాకుల నీడలు మనుషుల మీద అటూ ఇటూ కదులుతున్నాయి. "మీరు ఒప్పుకున్నారని అమ్మను పిలుచుకొచ్చినాను సార్" అన్నారు మాస్టారు. నాన్నగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నేనెప్పుడు ఒప్పుకున్నానండి?" అన్నారు, ఎంతో మెత్తగా. "ఆయ్ అన్నారు కదా సార్." "అన్నానండి. గాలికి తలుపు కొట్టుకున్నా అంటానండి." మాస్టారు నెమ్మదిగా వాళ్ళమ్మగారి వైపు తిరిగి, "తప్పు సార్‌ది కాదమ్మా, నాదే. ఒప్పుకుంటే ఆయ్ అంటారు. ఆయ్ అన్నారు. కాబట్టి ఒప్పుకున్నారు అనుకున్నా. పిల్లలకు చేయొద్దని చెప్పే తప్పే నేను చేసినా. ఈ వాదం చెల్లదు" అని లేచి నిలబడి, నాన్నగారికి దణ్ణం పెట్టి, "పోదాం పా" అన్నారు. ఆవిడ పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తలుపు పక్క నుంచి పెరట్లోకొచ్చేశాను. "మాస్టారూ, సగమే చెబుతున్నారండి" అన్నాను. "పంటు ఆగినంత మాత్రాన వరదొచ్చినట్టు కాదన్నారు. వరద రాలేదని మీరు అనలేదు కదండీ." ఆయన తెల్లబోయి చూశారు. నాన్నగారు నా వైపు తిరిగి, "అంటే ఏంటమ్మా?" అన్నారు. "వాదం చెల్లకపోతే ముగింపు అబద్ధమైపోదు నాన్నగారూ. మీరు ఒప్పుకున్నారని తేలలేదు. ఒప్పుకోలేదనీ ఆ ఆయ్‌ని బట్టి తేలదు. అది మీరే చెప్పాలి. నాకు మాత్రం ఇష్టమేనండి" అన్నాను. ఆ చివరి మాట అంటుంటే ఏడుపొచ్చేసింది. నాన్నగారు నా ముఖంలోకి చూశారు, పళ్ళెం వంక చూశారు, కొబ్బరిచెట్ల పైకి చూశారు. చూసి, "ఆయ్" అన్నారు. అది ఏ ఆయ్యో అడిగే సాహసం ఎవరికీ లేకపోయింది. మాస్టారి తల్లిగారు మా అమ్మ వైపు వంగి, "ఏమంటాండాడమ్మా?" అని గుసగుసగా అడిగింది. "విన్నానంటన్నారండి" అంది అమ్మ.

సాయంత్రం బస్సెక్కించడానికి అందరం అక్విడక్టు మీద నడిచాం. పొద్దు వాలుతోంది. పై నీళ్ళు ఇత్తడి రంగులో, కింది నీళ్ళు నల్లగా ఉన్నాయి. నాన్నగారూ ఆవిడా ముందు, మేం వెనక. ఆవిడ నడుమ ఆగి, పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసి, "ఎన్ని నీళ్ళన్నా ఇవి!" అంది. మళ్ళీ తనే అంది. "మా ఊర్లో ఏరుంది గానీ నీళ్ళు ల్యావు. కష్టమే. అయితే ఒకటన్నా, నీ బిడ్డను చూడల్లనిపిస్తే ఏ పొద్దన్నా రావచ్చు. అడ్డం వచ్చే నీళ్ళు మాకాడ ల్యావు." ఆవిడకు మా పెద్దత్త సంగతి తెలియదు. నేను మాస్టారికి చెప్పాను గానీ ఆయన ఎవరికీ చెప్పలేదు. నాన్నగారు ఆవిడ మాటకు ఆయ్ అనలేదు. అనకుండా ఉండడం నా ఎరుకలో అదే మొదటిసారి. గోడ మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు. బస్సు టైమైపోతోందని ఆఖరికి నేనే కదిలించాను.

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్నగారు ముద్ద కలుపుతూ, ఎవరితోనో అన్నట్టు, "పనసపొట్టులో కారం చాలలేదేమోనే వియ్యపురాలుగారికి. ఆళ్ళ వైపు బాగా తింటారంట" అన్నారు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. వియ్యపురాలుగారు! ఒప్పుకున్నానని ఆయన అప్పుడూ అనలేదు, పెళ్ళి పీటల మీదా అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆ ఒక్క వరసతో సరిపెట్టేశారు. అమ్మ మాత్రం మర్నాడే ముహూర్తం పెట్టించడానికి పంతులుగారి దగ్గరికి పరుగెత్తింది, ఆ మాట మళ్ళీ నానబెట్టేస్తారేమోనన్న భయంతో.

నేను ఈ వైపుకొచ్చేశాక నాన్నగారు ఏడాదికోసారి వచ్చేవారు, బస్సు మీద సగం కొబ్బరితోట వేసుకుని. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఒక వేసవిలో, సాయంత్రం పూట, మా ఊరి ఏటి ఒడ్డుకి వెళదామన్నారు. అవతలి ఒడ్డు మీద మా చేను. ఏరు నిండా ఇసుక. ఆయన చెప్పులు విప్పి చేత పట్టుకుని ఇసుకలోకి దిగారు. ముసలితనం వచ్చేసింది, అడుగు తడబడుతోంది, అయినా చెయ్యి పట్టుకోనివ్వలేదు. నేను వెనకాలే నడిచాను. ఏటి నడిమధ్యకి వచ్చాక ఆగి, వెనక ఒడ్డు చూశారు, ముందు ఒడ్డు చూశారు. "ఇంతేనా అమ్మా?" అన్నారు. "నీళ్ళు లేకపోతే ఇంత దగ్గరా?" నేనేదో అనబోయాను. ఆయన వినలేదు. "మా అక్క కాడికి ఇలా నడిచి ఎల్లిపోయేవోణ్ణి కదమ్మా" అని, చెప్పులు చేతిలో అలాగే పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నాన్నగారు ఏడవగా నేను చూడడం అదొక్కసారే. పట్టుకుని నిలబడ్డాను. కాలం ముందుకు పోతూ ఉంటుందని మనం అనుకుంటాం గానీ, నేను పుట్టకముందెప్పుడో వచ్చిన ఆ వరద మా నాన్నగారికి ఆ సాయంత్రం దాకా తగ్గనే లేదు.